పురిటి సెలవు, శిశుగృహము: శ్రామికమాతల రక్షణచట్టముల పరిణామము

తల్లి కూలికి పోయినప్పుడు పసిబిడ్డ యెవరి సంరక్షణమున నుండవలెను? ఆమె పురిటిలో నున్న దినములలో ఇల్లు గడచుట యెట్లు? ఈ ప్రశ్నలు ప్రాచీనములే గాని, వీనికి చట్టము సమాధానము చెప్పవలసివచ్చుట మన దేశమున ఇరువదవ శతాబ్దమునందే సంభవించినది. 1919వ సంవత్సరము మొదలు 2025 వరకు ఈ విషయమై వెలువడిన ముఖ్యమైన చట్టములను కాలక్రమమున పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. సెలవు వారముల సంఖ్య క్రమముగా పెరుగుటయే ఈ చరిత్రకు సారమని సామాన్యముగా తలంచుచుందురు. మా పరిశీలనమున అది చాలదని తోచినది. ఎన్ని వారములిచ్చిరను దానికంటె, ఆ వ్యయమును భరింపవలసినవా రెవరని నిర్ణయించిరి, ఎందరు స్త్రీలున్నచోట చట్టము వర్తించునని లెక్క కట్టిరి అను రెండంశములు ముఖ్యతరములు. చట్టము మేలు చేయగోరిన స్త్రీకే కొన్నియెడల కీడు కలుగుటకు కారణము ఈ రెండింటియందే కలదు.

1. పుట్టినిల్లు, పొలము

తెలుగునాట తొలికాన్పు పుట్టినింట జరుగుట ఆచారము. నెలలు నిండకమునుపే చూలాలిని తోడ్కొని వత్తురు. పురుడు పోసి, పథ్యము పెట్టి, బాలెంత కోలుకొన్న పిమ్మట మూడవ నెలలోనో ఐదవ నెలలోనో చీరసారెలతో అత్తవారింటికి పంపుదురు. దీనిని మనము వేడుకగా చూచుట కలవాటు పడితిమి. ఆర్థికదృష్టితో చూచినచో ఇది యొక సెలవు. ఆ కాలమున బాలెంత పోషణవ్యయము పుట్టినింటివారిది. ఆమె చేయవలసిన పనిని అత్తవారింటి తక్కిన స్త్రీలు పంచుకొందురు. తరువాతి కాన్పులకు ఈ విశ్రాంతి తగ్గిపోవును. పుట్టినింటివారికి స్తోమతు లేనిచో తొలికాన్పునకే తగ్గిపోవును. అనగా చట్టమునకు పూర్వము సైతము ప్రసూతిరక్షణము కలదు. దాని కాధారము బంధుత్వము, దాని కొలత కలిమి.

కూలికుటుంబములలో ఈ విరామము కొలది దినములే. తల్లి నాట్లకును కలుపుతీతకును పోవునప్పుడు గట్టుమీది చెట్టుకొమ్మకు పాతచీరతో ఉయ్యాల కట్టును. ఏడెనిమిదేండ్ల పెద్దకూతురు దాని నూపుచు కూర్చుండును. ఆ పిల్ల చదువు ఈ యేర్పాటునకు చెల్లించిన మూల్యమని వేరుగ చెప్పనక్కరలేదు. అయినను పొలమునం దొక సౌకర్యము కలదు. బిడ్డ యేడ్పు తల్లికి వినబడును. ఆమె గట్టెక్కి పాలిచ్చి మరల మడిలో దిగవచ్చును. యంత్రశాల తెంచివేసినది ఈ సామీప్యమునే.

2. యంత్రశాలయు 1919 నాటి ఒడంబడికయు

మిల్లునకు గోడ కలదు, ద్వారము కలదు, కూత కలదు. కూత వేసిన తరువాత లోనికి పోయిన తల్లి విరామసమయమువరకు వెలుపలికి రాజాలదు. బొంబాయి నూలుమిల్లులలో పనిచేయు స్త్రీలు బిడ్డలకు నల్లమందు పెట్టి నిద్రపుచ్చి పనికి పోవుచుండిరని 1920 తరువాతి సంవత్సరములలో జరిగిన విచారణలలో వెల్లడియైనది. దీనిని తల్లుల అజ్ఞానముగా మాత్రమే చూచుట న్యాయము కాదు. ఇంట మరియొకరు లేని స్త్రీకి, తాను తిరిగివచ్చువరకు బిడ్డ మేల్కొనకుండుటయే రక్షణముగా తోచినది.

ఐరోపాలో ఈ చిక్కు అంతకు చాల ముందే యెదురైనది. 1844లో ఫిర్మిన్ మార్బో అను నాతడు పారిసు నగరమున కూలితల్లుల బిడ్డలకై యొక సంరక్షణశాలను స్థాపించి దానికి ‘క్రెష్’ అని పేరిడెను. ఫ్రెంచిభాషలో ఆ మాటకు పశువుల గాడి యని యర్థము. క్రీస్తు జననమున శిశువును గాడిలో పరుండబెట్టిన కథనుబట్టి యా పేరు వచ్చినది. తెలుగున దీనికి కొందరు శిశుసంరక్షణ కేంద్రమనియు, కొందరు క్రెష్ అనియే యనుచున్నారు. ఈ వ్యాసమున మేము శిశుగృహమను మాటను వాడుచున్నాము.

1919 అక్టోబరు, నవంబరు మాసములలో వాషింగ్టను నగరమున అంతర్జాతీయ కార్మికసంస్థ ప్రథమమహాసభ జరిగినది. అచ్చట ఆమోదింపబడిన మూడవ ఒడంబడిక ప్రసూతిరక్షణమును గూర్చినది. ప్రసవానంతరము 6 వారములు స్త్రీచేత పని చేయింపరాదు; ప్రసవమునకు ముందు 6 వారములు పని మానుటకు ఆమెకు హక్కు కలదు; పనికి వచ్చిన పిమ్మట బిడ్డకు పాలిచ్చుటకు దినమునకు రెండుమార్లు అరగంటచొప్పున విరామ మీయవలెను. సెలవుకాలపు భృతిని ప్రభుత్వనిధినుండి గాని బీమాపద్ధతిచే గాని చెల్లింపవలెనని యం దున్నది. ఈ కడపటి నియమము ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. ఏ స్త్రీ యే యజమానియొద్ద పనిచేయునో ఆ యజమానియే ఆమె పురిటివ్యయమును భరింపవలెనని ఒడంబడికలో లేదు.

ఆ సభకు భారతదేశమునుండి కార్మికప్రతినిధిగా ఎన్.ఎం. జోషి వెళ్లెను. భారతప్రభుత్వము ఈ విషయమున విచారణ జరిపి తరువాతి సభకు నివేదింపవలెనని మాత్రమే కోరబడినది. జోషి 1924లో కేంద్రశాసనసభయందు ప్రసూతిభృతి బిల్లును ప్రవేశపెట్టెను. 1925లో సభ దానిని త్రోసివేసెను.

3. రాష్ట్రముల చట్టములు: యజమానిపై భారము

కేంద్రమున వీలుకాని పని రాష్ట్రములలో ఆరంభమైనది. 1928లో బొంబాయి శాసనమండలియందు ఈ బిల్లు చర్చకు వచ్చినపుడు డాక్టరు బి.ఆర్. అంబేడ్కరు దానిని బలపరచెను. ప్రసవమునకు ముందును తరువాతను తల్లికి విశ్రాంతి లభించుట దేశహితమునకు సంబంధించిన విషయమనియు, కావున ఈ భారములో అధికభాగమును ప్రభుత్వమే వహింపదగుననియు ఆయన వాదము. స్త్రీలను పనిలో పెట్టుకొని లాభము పొందు యజమానికి సైతము బాధ్యత తప్పదని యాయన తలంచెను. 1929లో బొంబాయి చట్టము వెలువడినది. మన దేశమున ఈ విషయమై మొదటిది ఇదియే. కాని అందు భారము యజమానిపైననే పడినది. ప్రభుత్వపు పాలు మాట మరుగునబడినది.

1930లో మధ్యరాష్ట్రములును, 1934లో మద్రాసును ఈ మార్గమునే యనుసరించినవి. సర్కారు జిల్లాలును రాయలసీమయు నాడు మద్రాసు రాజధానిలో నుండుటచే, తెలుగుజిల్లాలకు వర్తించిన తొలి ప్రసూతిచట్టము ఈ మద్రాసు చట్టమే. నైజాము రాజ్యమునకు బ్రిటిషు ఇండియా చట్టములు వర్తింపవు గాన తెలంగాణము దీని పరిధిలోనికి రాలేదు. 1929లో నియమింపబడి 1931లో నివేదిక సమర్పించిన రాజకీయ కార్మికవిచారణసంఘము సైతము ఇట్టి చట్టములు దేశమంతట రావలెనని సిఫారసు చేసెను. తరువాతి పదునైదేండ్లలో పెక్కు రాష్ట్రములు ప్రసూతిచట్టములను చేసికొన్నవి.

యజమానిపై భారము నుంచుట చూచుటకు న్యాయముగనే యున్నది. దాని ఫలితము మాత్రము వేరు. ఒక మిల్లులో స్త్రీ లెందరుందురో ఆ యజమానికి వ్యయ మంత పెరుగును. స్త్రీలే లేని మిల్లుకు వ్యయమే లేదు. కావున స్త్రీని పనిలో పెట్టుకొనకుండుటకును, చూలు తెలిసినంతనే తొలగించుటకును చట్టమే యొక ప్రేరణమైనది. ఇది మా యూహ మాత్రము కాదు. తరువాతి చట్టములలో, గర్భవతియై సెలవులోనున్న స్త్రీని తొలగింపరాదను నిషేధమును ప్రత్యేకముగా చేర్చవలసివచ్చుటయే ఇందుకు సాక్ష్యము. జరుగని పనిని చట్టము నిషేధింపదు.

శిశుగృహములను గూర్చిన నియమము 1934 నాటి ఫ్యాక్టరీల చట్టమున కలదు. 50 మందికి మించి స్త్రీలు పనిచేయు ఫ్యాక్టరీలలో వారి ఆరేండ్లలోపు బిడ్డలకై తగిన గది నుంచవలెనని నిబంధనలు చేయుటకు రాష్ట్రప్రభుత్వములకు అధికార మీయబడినది. నిబంధనలు చేయుట ప్రభుత్వముల యిష్టమునకు విడువబడినది. ఈ 50 అను సంఖ్య పిమ్మట అర్ధశతాబ్దమునకు పైగా మన చట్టములను వెన్నాడుచు వచ్చినది.

గనులలో పరిస్థితి మరింత చిత్రమైనది. భూగర్భమున స్త్రీలు పనిచేయుటను క్రమముగా తగ్గించుచు వచ్చి 1937లో పూర్తిగా నిషేధించిరి. యుద్ధకాలమున బొగ్గు కొరత యేర్పడగా 1943లో ఆ నిషేధమును సడలించి, 1946లో మరల విధించిరి. గనులలోని స్త్రీలకై ప్రత్యేక ప్రసూతిచట్టము 1941లో వెలువడినది. రాజ్యమునకు బొగ్గు కావలసినపుడు స్త్రీల రక్షణమును గూర్చిన సూత్ర మెంత సులభముగ వంగినదో ఈ మూడేండ్లవలన తెలియుచున్నది.

4. స్వాతంత్ర్యానంతరము: బీమా, లెక్క

1948లో రెండు చట్టములు వెలువడినవి. ఈ రెండును ఒకే సంవత్సరమున పుట్టినను వీని స్వభావములు వేరు. కార్మిక రాజ్యబీమాచట్టము ప్రసూతిభృతిని బీమానిధినుండి చెల్లించు పద్ధతి నేర్పరచినది. యజమానులును కార్మికులును వేతనములనుబట్టి చందా చెల్లింతురు. కార్మికులు స్త్రీలైనను పురుషులైనను చందాలో భేదము లేదు. స్త్రీని పనిలో పెట్టుకొన్నంత మాత్రమున యజమానికి అదనపు వ్యయము లేదు. 1919 ఒడంబడికలోని బీమాసూత్రము మన దేశమున ఆచరణకు వచ్చినది దీనియందే. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోను ఢిల్లీలోను ఈ పథకము ప్రారంభింపబడినది. కాని ఇది విస్తరించిన ప్రాంతములలో, నిర్ణీత వేతనపరిమితిలోని కార్మికులకు మాత్రమే వర్తించునది.

అదే సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము శిశుగృహమును విధిగా చేసినది. కాని 50 మందికి మించి స్త్రీలున్నచోటనే. చట్టమునకు అక్షరములెట్లో అంకె లట్లు. 51వ స్త్రీ చేరినంతనే గది కట్టవలెను, ఆయాను నియమింపవలెను. 50 మందితో నిలిపివేసినచో ఏదియు లేదు. 1976లో ఈ సంఖ్యను 30కి తగ్గించిరి. అంకె తగ్గినది గాని సూత్రము మారలేదు. కాని తోటపనివారి విషయమున మరియొక మార్గము తెరువబడినది. 1951 నాటి తోటకార్మికుల చట్టము సైతము మొదట 50 మంది స్త్రీలనే లెక్కించినది. 1981 సవరణలో, స్త్రీల సంఖ్య యెంతయైనను వారి బిడ్డలు 20 మంది యున్నచో శిశుగృహ ముండవలె నని చేర్చిరి. తల్లులను గాక బిడ్డలను లెక్కించిన ఈ నియమము మాకు మిక్కిలి విలువగలదిగా తోచినది. అవసరము బిడ్డది గాన లెక్కయు బిడ్డదే కావలెను.

1961 డిసెంబరు 12న ఆమోదము పొందిన ప్రసూతిప్రయోజనచట్టము రాష్ట్రములలోని భిన్నచట్టముల స్థానమున దేశమంతట నొకే విధానము నేర్పరచినది. 12 వారముల సవేతన సెలవు, బిడ్డకు 15 నెలలు వచ్చువరకు దినమునకు రెండు పాలివ్వు విరామములు, సెలవులో తొలగింపరాదను నిషేధము ఇందు కలవు. అర్హతకు 160 దినములు పనిచేసియుండవలె నను నియమమును 1988 సవరణలో 80 దినములకు తగ్గించిరి. భారము మాత్రము యజమానిదే. 1929 నాటి మార్గమే నిలిచినది. ఈ భారమును తగ్గించుకొనుటకు జరిగిన ప్రయత్నములలో నొకటి సుప్రీముకోర్టు వరకు పోయినది. కోయంబత్తూరు కార్మికన్యాయస్థానమునుండి వచ్చిన ఆ వివాదమున, ఒక తోటకార్మికురాలికి 12 వారములకు ఆదివారములను తీసివేసి 72 దినముల భృతి మాత్రమే చెల్లించిరి. వారమనగా ఏడు దినములనియు, ఆదివారములకు సైతము భృతి చెల్లింపవలెననియు 1977లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆదివారమునాడు బాలెంతకు ఆకలి యుండదా యను ప్రశ్నకు తీర్పు రావలసివచ్చినది.

5. ఇల్లే కార్ఖానా

ఇంతవరకు చెప్పిన చట్టము లన్నియు ఇల్లు వేరు, పనిచోటు వేరు అను భావముపై నిలిచినవి. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలకు ఈ భేదమే లేదు. కంపెనీవారు లెక్కగట్టి తునికాకును తంబాకును ఇత్తురు. స్త్రీ ఇంటికి తెచ్చుకొని, ఆకు తడిపి, కత్తిరించి, చేట ఒడిలో పెట్టుకొని చుట్టును. బిడ్డ ఆమె ప్రక్కనే యుండును. పనికిని కుటుంబమునకును పొందిక యిచ్చట సహజముగా కుదిరినదని పైకి తోచును. కాని ఆ పొందికకు మూల్యమేమి? కూలి బీడీల లెక్కపై నుండుటచే బిడ్డకు పాలిచ్చిన ప్రతి విరామమును కూలినుండి తీసివేయబడినట్లే. తంబాకు ధూళి బిడ్డయు పీల్చును. పని వేళకు ఆరంభముగాని అంతముగాని లేదు.

1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టము ఇంటియొద్ద పనిచేయువారిని సైతము కార్మికులుగా గుర్తించి, ప్రసూతిప్రయోజనచట్టమును కొన్ని మార్పులతో వారికి వర్తింపజేసెను. ఇది మన చట్టచరిత్రలో గణనీయమైన ఘట్టము. గోడలు లేని పనిచోటును చట్టము చూడగలదని ఇందు రుజువైనది. బీడీకంపెనీలు ఈ చట్టమును ప్రశ్నింపగా 1974లో సుప్రీముకోర్టు దానిని సమర్థించెను. అయినను తన పేరు కంపెనీ పుస్తకములో నున్న స్త్రీకే ఈ హక్కు. ఒకరి పేరున మరియొకరు చుట్టు ఇండ్లలో పురిటిభృతి పుస్తకమును దాటి రాజాలదు.

6. కదలిపోవు కూలీలు

మహబూబునగరు జిల్లానుండి ఆనకట్టలకును, రహదారులకును, భవనములకును దేశము నలుమూలలకు వలసపోవు పాలమూరు కూలీలు తెలుగువారి శ్రమచరిత్రలో పెద్ద అధ్యాయము. భార్యాభర్తలు కలిసి పోవుట ఈ పనిలో వాడుక. బిడ్డలు వెంట పోవుదురు. పుట్టినిల్లు వందలాది మైళ్ల దూరమున నుండును. ఇట్టివారి బిడ్డలకై మొదటి ప్రయత్నము చట్టమునుండి రాలేదు. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన నిర్మాణస్థలమున మట్టిలో పడియున్న పసిపిల్లలను చూచి మీరా మహదేవన్ అను నామె ఒక డేరాలో శిశుగృహమును నెలకొల్పెను. ‘మొబైల్ క్రెషెస్’ అను సంస్థ యిట్లు పుట్టినది. కూలీలు కదలిన చోటికి శిశుగృహము కదలిపోవుట దాని విశేషము.

రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశముఖు 1953లో నెలకొల్పబడిన కేంద్ర సాంఘికసంక్షేమమండలికి తొలి అధ్యక్షురాలు. స్వచ్ఛందసంస్థలకు ప్రభుత్వధనమిచ్చి స్త్రీశిశుసేవలు జరిపించు పద్ధతి యా మండలివలన వ్యాపించినది. యజమానిని గాక సమాజమును బాధ్యునిగా జేయు మార్గమున ఇది యొక మెట్టు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశువికాససేవల పథకము గ్రామగ్రామమునకు అంగన్వాడీని తెచ్చినది. పౌష్టికాహారమునకును టీకాలకును అది చేసిన సేవ గొప్పది. కాని అది కొలది గంటలు నడచునట్లు ఏర్పడినదే గాని కూలితల్లి పనిదినమునకు సరిపోవునట్లు ఏర్పడినది కాదు.

1996 నాటి నిర్మాణకార్మికుల చట్టమున శిశుగృహనియమము కలదు. మరల 50 మందికి మించిన స్త్రీలే. చిన్నచిన్న మేస్త్రీల క్రింద చీలియున్న కూలీలలో ఈ లెక్క కుదురుట యెంత యరుదో చెప్పనక్కరలేదు. 2000 మార్చి 8న సుప్రీముకోర్టు ఢిల్లీ నగరపాలకసంస్థ దినకూలి స్త్రీలకు సైతము ప్రసూతి ప్రయోజనము చెల్లునని తీర్పు చెప్పెను. రోడ్లపై మట్టి మోయు స్త్రీ గర్భమునకును కార్యాలయమున కూర్చుండు స్త్రీ గర్భమునకును భేదము లేదని దీనివలన స్థిరపడినది.

7. ఇటీవలి చట్టములు

అంతర్జాతీయ కార్మికసంస్థ 1965లో చేసిన సిఫారసు పేరులో ‘కుటుంబబాధ్యతలుగల స్త్రీలు’ అని యుండెను. 1981లో ఆమోదింపబడిన 156వ ఒడంబడిక పేరులో ‘స్త్రీలు’ అను మాట పోయి ‘కార్మికులు’ అను మాట వచ్చినది. పదునారేండ్లలో మారినది ఒక్క పదమే. కాని ఆ పదముతో తండ్రియు బాధ్యుడైనాడు. మన దేశమున 1997లో కేంద్రప్రభుత్వ పురుషోద్యోగులకు భార్యాప్రసవసమయమున 15 దినముల సెలవు మంజూరైనది. 2008లో కేంద్రప్రభుత్వ స్త్రీ ఉద్యోగులకు బిడ్డల పెంపకమునకై సర్వీసుమొత్తమున 730 దినముల సెలవు లభించినది. ఈ రెండును ప్రభుత్వోద్యోగులకే పరిమితములు.

2017 సవరణ ప్రసూతిసెలవును మొదటి యిద్దరు బిడ్డలకు 26 వారములుగా పెంచినది. పత్రికలలో ఈ యంకెయే ప్రముఖమైనది. మా దృష్టిలో అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థయు శిశుగృహము నేర్పరచవలెనని యందున్నది. ఇచ్చట లెక్క స్త్రీలది కాదు, ఉద్యోగులందరిది. పురుషులే యెక్కువగానున్న సంస్థయు తప్పించుకొనజాలదు. 1934 నుండి స్త్రీనే పట్టియుండిన లెక్క యిట్లు సడలినది. అదే చట్టమున సెలవువ్యయము మాత్రము యజమానిపైననే నిలిచి, 12 వారములనుండి 26 వారములకు పెరిగినది; తండ్రికి ఒక్క దినమైనను లేదు. ఒక చేత స్త్రీని ఉద్యోగమున నిలుపు నియమము, మరియొక చేత ఆమెను ఉద్యోగమున చేర్చుకొనుటకు యజమాని వెనుదీయు కారణము, రెండును ఒకే పత్రమున కలవు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన 2020 సాంఘికభద్రతా స్మృతియందు ఈ ప్రసూతినియమములు చేర్పబడినవి.

ఉద్యోగసంబంధము లేని స్త్రీలకు 2013 నాటి ఆహారభద్రతాచట్టము 6000 రూపాయలకు తక్కువగాని ప్రసూతిభృతిని హక్కుగా చెప్పినది. 2017లో ఆరంభమైన ప్రధానమంత్రి మాతృవందన యోజన దానిని తొలికాన్పునకు 5000 రూపాయలుగా అమలు జరిపినది. 2022 నుండి రెండవ కాన్పున ఆడబిడ్డ పుట్టినచో 6000 రూపాయలని చేర్చిరి. మొత్తము స్వల్పమే యైనను, ప్రభుత్వమే భారము వహింపవలె నన్న 1928 నాటి వాదము ఇందు కొంత నెరవేరినది. తొలికాన్పునకే ప్రాధాన్యమిచ్చుటలో రాజ్యము పుట్టినింటి ఆచారమునే యనుసరించినదని మనము గమనింపవచ్చును.

8. ఉపసంహారము

పై పరిశీలనమువలన మూడంశములు తేలుచున్నవి. మొదటిది: మన చట్టములు పురిటిని ముందుగ గుర్తించినవి, పెంపకమును ఆలస్యముగ గుర్తించినవి. సెలవు ముగిసిన మరునాడు బిడ్డ యేమగునను ప్రశ్న నేటికిని చాలమంది తల్లులకు మిగిలియున్నది. రెండవది: వ్యయమును ఒక్క యజమానిపై నుంచినప్పు డెల్లను దాని బరువు తుదకు స్త్రీ ఉద్యోగముపైననే పడినది. బీమానిధియు ప్రభుత్వనిధియు ఈ దోషమునకు విరుగుడులని 1919 నాటికే తెలిసియుండెను. మూడవది: స్త్రీల తలలను లెక్కించిన చట్టము పెద్ద ఫ్యాక్టరీని మాత్రమే చేరగలిగినది, పొలము, బీడీచేట, నిర్మాణస్థలము దానికి దూరముననే మిగిలినవి. 1981 తోటల సవరణవలె బిడ్డలను లెక్కించుటయు, 2017 సవరణవలె స్త్రీపురుషుల నిరువురను లెక్కించుటయు దీనికి సరియైన మార్గములు. ఈ రెండును మన చట్టములలోనే పుట్టినవి గాన వీనికై పరదేశముల దారి చూడనక్కరలేదు.

పుట్టిల్లు బాలెంతను ‘నీవెన్ని దినములు పనిచేసితి’ వని యడుగలేదు. ఊరిలో ఇట్టివా రింకెంద రున్నారని లెక్కింపలేదు. ఆ యేర్పాటు కలిగినవారికే పరిమితమగుట దాని లోపము. ఆ లోపమును తీర్చుటయే చట్టము పని. తెలుగుజిల్లాలలోని పొగాకు బార్నులు, జీడిపప్పు కర్మాగారములు, బీడీకేంద్రములలో ఈ చట్టము లెంతవరకు ఆచరణమునకు వచ్చినవో జిల్లాలవారీగా పరిశోధింపవలసి యున్నది. ఆ స్త్రీల నోటి వాఙ్మూలమును సేకరించు పనికి మన విశ్వవిద్యాలయముల విద్యార్థులు పూనుకొందురుగాక యని మా యాకాంక్ష.